లియో ఫెండర్: దండి వెనుక చార

ఇనుపపని చేసేవానికి లేని భయమొకటి కొయ్యపని చేసేవానికి ఉంటుంది. ఇనుము తప్పుగా సాగితే మరల కొలిమిలో పెట్టవచ్చు. కంచు పోత చెడితే కరిగించి తిరిగి పోయవచ్చు. చెక్క అట్టిది కాదు. తొలిచిన చెక్క పొట్టుగా రాలిపోతుంది. రాలినది మరల వచ్చి అతకదు. వాద్యాలు చేసేవారి విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. గాడి నూలుపోగంత పక్కకు జరిగితే తీగ పక్కకు జరుగుతుంది. తీగ జరిగితే స్వరం చెడుతుంది.

లోకంలో లక్షలాది విద్యుత్ గిటార్లకు దండి వెనుకవైపున, పొడుగునా, ముదురు గోధుమరంగు చార ఒకటి కనబడుతుంది. లేతరంగు చెక్క నడుమ స్పష్టంగా కనిపించే ఆ చారను చూసినవారు అలంకారమని అనుకుంటారు. కాని అది అలంకారం కొరకు పెట్టినది కాదు. తొలి గిటార్లలో జరిగిన ఒక పొరపాటును దిద్దినప్పుడు మిగిలిన గుర్తు అది. ఆ పొరపాటు చేసినవాడూ, దానిని దిద్దినవాడూ లియో ఫెండర్ అనే ఒక్క మనిషే. చిత్రమేమంటే ఆయనకు గిటారు వాయించడం రాదు.

క్లారెన్స్ లియోనైడస్ ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో, అనహైం, ఫుల్లర్టన్ పట్టణాల నడుమ తల్లిదండ్రులు పెంచుతున్న నారింజతోటలో జన్మించాడు. ఆయన పుట్టినది తోటలోని కొట్టంలో. ఎనిమిదవ యేట ఎడమకంటిలో కణితి లేచినందున ఆ కన్ను తీసివేయవలసి వచ్చింది. దాని స్థానంలో గాజుకన్ను అమర్చారు. తరువాతి డెబ్బదియేండ్ల పైచిలుకు కాలం అతి సూక్ష్మమైన పనులన్నీ ఆయన ఒంటికంటితోనే చేశాడు.

పదమూడు పద్నాలుగేండ్ల ప్రాయంలో ఆ బాలునికి ఒక పెట్టె వచ్చింది. శాంటా మరియా పట్టణంలో మోటారుకార్ల విద్యుత్ సామగ్రి బాగుచేసే దుకాణం నడుపుతున్న జాన్ వెస్ట్ అనే దగ్గరి బంధువు, పనికిరాక పారవేసిన విడిభాగాలు కొన్నింటిని అందులో పెట్టి పంపాడు. కొంతకాలానికి లియో ఆ ఊరు వెళ్లినప్పుడు, దుకాణం ముంగిట ఆ బంధువు స్వయంగా తయారుచేసిన రేడియో ఒకటి వీధి అంతా మారుమ్రోగేటట్లు పాడుతున్నది. ఆ ధ్వని బాలుని మనస్సును జీవితాంతం వదలలేదు. పియానో నేర్చుకున్నాడు, శాక్సొఫోన్ పట్టుకున్నాడు, రెండూ నిలువలేదు. నిలిచినది పెట్టెలోని తీగచుట్టల మీది ప్రీతి ఒక్కటే.

చదువు మాత్రం వేరు దారిన సాగింది. 1928లో ఫుల్లర్టన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, అక్కడి జూనియర్ కళాశాలలో గణకశాస్త్రం అభ్యసించాడు. విద్యుత్ శాస్త్రం ఏ బడిలోనూ చదువలేదు. అనహైంలో మంచుగడ్డలు తయారుచేసే సంస్థలో లెక్కలు వ్రాశాడు. 1934లో ఎస్తర్ క్లాస్కీని వివాహమాడాడు. తరువాత కాలిఫోర్నియా రహదారుల శాఖలో గుమాస్తాగిరీ చేశాడు. అవి ఆర్థికమాంద్యపు రోజులు. ఆ ఉద్యోగం పోయింది. టైర్ల కంపెనీలో కుదిరిన మరొక ఉద్యోగమూ పోయింది. లెక్కల పుస్తకం మూసివేసి 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచాడు.

ఆ దుకాణానికి రేడియోలతోపాటు సంగీతగాండ్రు కూడా వచ్చేవారు. ఆ ప్రాంతపు నాట్యశాలలలో వాయించే వారికి గొప్ప చిక్కు ఒకటి ఉండేది. గిటారు గుల్లగా ఉండే వాద్యం. వీణకు కుండ ఎట్లాగో, గిటారుకు బోలుపెట్టె అట్లాగ. తీగ కంపనాన్ని అదే పెంచి వినిపిస్తుంది. కాని డోళ్లు, బాకాలు మ్రోగుతుంటే ఆ సన్నని ధ్వని ఎవరికీ వినబడదు. పికప్ అనే పరికరాన్ని, అనగా సన్నని రాగితీగ చుట్టిన అయస్కాంతాన్ని, ఉక్కుతీగల క్రింద అమర్చి ఆ కంపనాన్ని విద్యుత్తుగా మార్చి లౌడుస్పీకరు ద్వారా వినిపించే ఉపాయం 1930 దశకం ఆరంభంలోనే వచ్చింది. అయితే ధ్వని హెచ్చించేసరికి బోలుపెట్టె స్పీకరు శబ్దానికి తానే అదరి, ఆ అదురు మరల పికప్‌లోకి పోయి, చెవులు చిల్లులుపడే కూత పుట్టేది.

దీనికి విరుగుడు బోలు తీసివేయడమే. ఆ ఆలోచన ఫెండర్ ఒక్కనికే కలిగినది కాదు. లెస్ పాల్ అనే సంగీతకారుడు అంతకుముందే ఒక దుంగకు తీగలు బిగించి వాయించి చూశాడు. పాల్ బిగ్స్‌బీ అనే పనివాడు 1948లో మెర్ల్ ట్రావిస్ అనే గాయకునికి నిండు చెక్క గిటారు చేసి ఇచ్చాడు. ఫెండర్ మాత్రం మరొక ప్రశ్న వేసుకున్నాడు. ఒకరికి ఒక వాద్యం చేసి ఇవ్వడం కాక, సామాన్య సంగీతగాడు కొనుక్కోగలిగి, పాడైతే గంటలో బాగుచేయించుకోగలిగిన వాద్యాన్ని వందల సంఖ్యలో ఎట్లా చేయాలి అన్నది ఆ ప్రశ్న.

యుద్ధకాలంలో గాజుకన్ను ఉన్నందున ఆయనను సైన్యంలోకి తీసుకోలేదు. 1943లో డాక్ కాఫ్‌మన్ అనే మిత్రునితో కలిసి, కొత్త పికప్‌ను పరీక్షించడానికి ముద్దచెక్కతో మోటుగా ఒక గిటారు చేశాడు. అది అమ్మడానికి చేసినది కాదు. అయినా ఊరి సంగీతగాండ్రు దానిని అద్దెకు తీసుకుపోసాగారు. 1945లో మిత్రులిద్దరూ కలిసి ఒక చిన్న సంస్థ పెట్టి, ఒడిలో పెట్టుకొని వాయించే స్టీల్ గిటార్లు, వాటికి ధ్వనివర్ధకాలు తయారుచేశారు. అప్పుల భారానికి జంకి కాఫ్‌మన్ 1946లో విడిపోయాడు. తరువాత సంస్థకు ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ అని పేరు వచ్చింది. 1948లో జార్జి ఫుల్లర్టన్ అనే యువకుడు వచ్చి చేరాడు. ఊరి పేరూ ఆయన ఇంటిపేరూ ఒకటే కావడం కేవలం కాకతాళీయం.

1949, 50 సంవత్సరాలలో వీరిద్దరి చేతులమీదుగా రూపొందిన వాద్యం అప్పటి గిటార్లను దేనినీ పోలినది కాదు. మొదటి నమూనాల దేహం పైన్ చెక్క పలక. దానిని మూస ప్రకారం కోసి, రూటర్ అనే తొలిచే యంత్రంతో పికప్‌కు ఒక గుంట, మీటలకు ఒక గుంట, దండి మొదలు కూర్చోవడానికి ఒక గుంట తీస్తారు. గుంటలమీద రేకులు మూతవేస్తారు. దండిని జిగురుతో అతికించరు. నాలుగు స్క్రూలతో బిగిస్తారు.

తెలుగుదేశంలో ఏకాండి వీణ చూసినవారికి ఈ పద్ధతి విడ్డూరంగా తోస్తుంది. కుండా దండీ ఒకే పనసదుంగలో తొలిచి తీయడమే అక్కడ పనితనానికి పరాకాష్ఠ. పాశ్చాత్య గిటారు నిర్మాతలు కూడా దండిని దేహంలో కలిసిపోయేటట్లు అతికించడమే ఘనతగా ఎంచేవారు. రేడియోలు బాగుచేసిన ఫెండర్ దృష్టి వేరు. రేడియోలో గొట్టం కాలిపోతే గొట్టం మారుస్తారు గాని రేడియోను పారవేయరు. దండి చెడితే నాలుగు స్క్రూలు విప్పి వేరొక దండి బిగించవచ్చు. దండి కూర్చునే గుంట లోతు తప్పి తీగలు మరీ ఎత్తుగానో, మరీ క్రిందుగానో వస్తే, గుంట అడుగున ఒక పలుచని పేడు పెట్టి బిగిస్తే సరిపోతుంది. గుంట అంచు కొంచెం పగిలితే మూతరేకు క్రింద అది కనబడదు. ఒక పికప్ గిటార్లకూ, రెండు పికప్‌ల గిటార్లకూ వేరువేరు దేహాలు చేయడమెందుకని, తరువాతి కాలంలో అన్ని దేహాలకూ రెండు గుంటలు తీయించి, అవసరం లేనిదానిని మూతరేకు క్రింద దాచేవారు. తప్పు జరగదని నమ్మి చేసిన వాద్యం కాదది. జరిగితే దిద్దుకొనే వీలు ముందే ఉంచి చేసిన వాద్యం.

అయినా తప్పు ఆయన ఊహించని చోట జరిగింది. ఎస్క్వైర్ అనే పేరుతో 1950లో ఆ గిటారు బయటికి వచ్చింది. షికాగో వాద్యవ్యాపారుల ప్రదర్శనకు తీసుకుపోతే, పడవ తెడ్డు అని కొందరు నవ్వారు. ఆ నవ్వు వల్ల నష్టమేమీ లేకపోయింది. నష్టం దండిలో పుట్టింది. దండికీ మెట్ల పలకకూ కలిపి ఒకే మేపుల్ కొయ్య వాడేవారు. మేపుల్ గట్టి కలప. అంత గట్టి కొయ్యకు లోపల ఆసరా అక్కరలేదని ఫెండర్ నమ్మకం. ఆరు ఉక్కుతీగలు బిగిస్తే దండిమీద పడే లాగుడు సుమారు వంద పౌండ్లకు పైబడి ఉంటుంది. ఆ లాగుడు రాత్రింబగళ్లు విరామం లేకుండా పనిచేస్తుంది. నెలలు గడిచేసరికి దండ్లు విల్లువలె వంగసాగాయి. ఆ విధంగా మొదట తయారైన ఎస్క్వైర్లు యాభైకి మించవు. వాటిలో అధికభాగం తిరిగి వచ్చాయి. సంస్థ వాటికి బదులు వేరే గిటార్లు ఇవ్వవలసి వచ్చింది.

అమ్మకాల బాధ్యత వహించిన డాన్ రాండల్, దండిలో ఉక్కుచువ్వ లేనిదే ఈ సరుకు అంగడిలో నిలువదని పట్టుబట్టాడు. అప్పు తెచ్చిన డబ్బుతో నడిచే చిన్న సంస్థకు మొదటి సరుకే వెనుకకు రావడం చిన్న దెబ్బ కాదు. ఫెండర్ తన నమ్మకాన్ని విడిచిపెట్టాడు. అయితే చువ్వను ఎక్కడినుంచి లోపలికి పంపాలి? ఇతరుల గిటార్లలో దండి వేరు, మెట్ల పలక వేరు. పలక అతికించకముందే దండిలో పైనుంచి గాడి తీసి చువ్వ పెడతారు. ఇక్కడ రెండూ ఒకటే కొయ్య. పైనుంచి గాడి తీస్తే మెట్లు కూర్చునే చోటే పాడవుతుంది.

అందుచేత ఆయన దండిని బోర్లా తిప్పాడు. వెనుకవైపునుంచి, లోపల వంపుగా ఉండేటట్లు, పొడుగునా గాడి తీయించి అందులో ఉక్కుచువ్వ పరిపించాడు. చువ్వ కొసన ఉన్న మరను బిగిస్తే అది నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది. తీగలు దండిని ముందుకు వంచుతుంటే, ఇది వెనుకకు నిలబెడుతుంది. గాడిని మాత్రం మూయాలి. వడ్రంగంలో ఎక్కువ తొలిచిన గాడిని పూడ్చే పద్ధతి పాతదే. అదే జాతి చెక్క ముక్కను, నార కలిసేటట్లు కోసి, జిగురుపెట్టి బిగించి, ఆరిన తరువాత చిత్రికపట్టి, చేసిన తప్పు కంటికి కనబడకుండా చేస్తారు. ఫెండర్ కర్మాగారంలో ఆ గాడిని మూసినది మేపుల్ బద్దతో కాదు. ముదురురంగు వాల్‌నట్ బద్దతో. మేపుల్‌లో వాల్‌నట్ దాగదు. లేత పసుపు కొయ్య నడుమ ఆ బద్ద చారగా నిలిచిపోయింది. స్కంక్ అనే జంతువు వీపుమీది చారను పోలినందున వాయించేవారు దానికి ఆ పేరే పెట్టుకున్నారు. దాచవలసిన మరమ్మతు ఆ వాద్యానికి ఆనవాలు అయింది.

1950 చివర చువ్వ ఉన్న దండితో, రెండు పికప్‌లతో బ్రాడ్‌కాస్టర్ అనే గిటారు వెలువడింది. ఆ పేరు తమ డోళ్లకు ముందే ఉన్నదని గ్రెచ్ కంపెనీ 1951 ఫిబ్రవరిలో తెలియజేసింది. ఫెండర్ వాదానికి దిగలేదు. పేరు అచ్చయిన చీటీలలో ఆ పేరు ఉన్న భాగాన్ని కత్తిరించి, మిగిలినది అతికించి, కొంతకాలం పేరులేని గిటార్లే అమ్మించాడు. తరువాత వచ్చిన పేరు టెలికాస్టర్. ఆ యేడే మెట్లు గల విద్యుత్ బాస్ గిటారును కూడా తయారుచేసి, నిలువెత్తు బాస్ వాద్యాన్ని మోయలేక మోసే వారి భారం తగ్గించాడు.

వాయించడం రానందువల్ల ఆయన వినడం నేర్చుకున్నాడు. సంగీతగాండ్రు ఉదయమే విరిగిన మీటలతో, తెగిన తీగలతో కర్మాగారానికి వచ్చేవారు. రాత్రివేళ ఆయన వారు వాయించే చోటికి పోయి, ధ్వనివర్ధకం పక్కన నిలబడి చెవియొగ్గేవాడు. టెలికాస్టర్ అంచులు ప్రక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వారు చెబితే, కొత్త గిటారు దేహాన్ని ఛాతీకి ఒదిగేటట్లు చెక్కించాడు. అదే 1954లో వచ్చిన స్ట్రాటొకాస్టర్. ఫ్రెడ్డీ టవారెస్ అనే హవాయి సంగీతకారుడు దాని రూపకల్పనలో తోడ్పడ్డాడు. బిల్ కార్సన్ వంటి వాద్యకారులు నమూనాలను వాయించి లోపాలు చెప్పారు.

స్వరాన్ని ఊగించే మీట ఒకటి దానికి అమర్చాలని సంకల్పం. దానికి కావలసిన పనిముట్లన్నీ చేయించి తయారీకి సిద్ధమైన తరువాత వాయించి చూస్తే, తీగ మ్రోత నిలువకుండా చప్పున చచ్చిపోతున్నది. ఖర్చు అయిపోయింది గదా అని దానినే అమ్మలేదు. పాత ఏర్పాటునంతా తుక్కుక్రింద పారవేసి, మొదటినుంచి ఆరంభించాడు. ఈసారి గుర్రం క్రింద బరువైన ఉక్కుదిమ్మ పెట్టి, అది ఊగేందుకు దేహాన్ని ఆరపార తొలిపించి, వెనుక గుంటలో స్ప్రింగులు అమర్చాడు. తీగల మ్రోత మరల నిలిచింది. 1956లో దానికి పేటెంటు లభించింది. బడ్డీ హాలీ ఆ గిటారునే మెడలో వేసుకొని పాడాడు. తరువాత జిమీ హెండ్రిక్స్ కుడిచేతివాటపు గిటారును తలక్రిందుగా తిప్పి ఎడమచేతితో వాయించి, దానిని చేసినవారు ఎరుగని ధ్వనులు పలికించాడు.

కొయ్యలో జరిగిన ప్రతి తప్పుకూ మరమ్మతు కనిపెట్టిన ఆ మనిషి, జీవితంలో మాత్రం మరమ్మతుకు లొంగని గాడి ఒకటి తీసుకున్నాడు. 1950 దశకం నుంచి సైనసు వ్యాధి ఆయనను పీడిస్తూ వచ్చింది. ఏ చికిత్సకూ తగ్గలేదు. ఇక తాను బహుకాలం జీవించనని ఆయనకు తోచింది. తన వెనుక సంస్థ చిక్కులపాలు కాకూడదని, దానిని అమ్మవలసిందని రాండల్‌కు చెప్పాడు. 1965 జనవరిలో సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థ దానిని 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. ఒక రేడియో దుకాణంగా 600 డాలర్ల అప్పుతో మొదలైన వ్యాపారం అది. ఆ ధర విని వాద్యవ్యాపార లోకం నివ్వెరపోయింది.

అమ్మకం ముగిసిన కొంతకాలానికి మరొక వైద్యుని చికిత్సతో ఆ వ్యాధి నయమైంది. ఆయనకు అప్పటికి అరువదియేండ్లైనా నిండలేదు. చేతులు పనికోసం తహతహలాడుతున్నాయి. కాని గిటారు తలమీద ఫెండర్ అని వ్రాసుకొనే హక్కు ఇక ఆయనకు లేదు. పదేండ్లు పోటీకి దిగరాదన్న షరతు కూడ ఉంది. దండి అయితే నాలుగు స్క్రూలు విప్పి మార్చేవాడు. ఈ ఒప్పందానికి స్క్రూలు లేవు.

ఆయన దానిని గురించి గొడవపడుతూ కూర్చోలేదు; గాడిని ఉన్నచోటనే ఉంచి, దానికొక బద్ద కనిపెట్టాడు. 1970 వరకు పాత సంస్థకే సలహాదారుగా ఉన్నాడు. షరతు గడువు తీరిన 1975లో మ్యూజిక్ మాన్ అనే సంస్థకు అధ్యక్షుడైనాడు. మరుసటి యేడు వెలువడిన స్టింగ్‌రే బాస్ గిటారు వాద్యకారుల మన్నన పొందింది. 1979లో భార్య ఎస్తర్ మరణించింది. 1980లో ఫిలిస్‌ను వివాహమాడాడు. ఆ యేడే జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి, ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో జి అండ్ ఎల్ అనే సంస్థను స్థాపించాడు. దాని కర్మాగారం ఫుల్లర్టన్ పట్టణంలో ఫెండర్ అవెన్యూ అనే వీధిలో ఉండేది. వీధికి ఆయన పేరు ఉన్నది. లోపల ఆయన చేసే గిటార్లకు మాత్రం ఆ పేరు లేదు.

1985లో అక్కడ ఒక గిటారుకు బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టాడు. ముప్పదినాలుగేండ్ల క్రిందట చీటీలు కత్తిరించి వదులుకున్న పేరే అది. ఈసారి అభ్యంతరం చెప్పినది ఆయన సొంత పేరు గల పాత సంస్థ. మరుసటి యేడు ఆ గిటారు పేరు ఏశాట్‌గా మారింది. పేరు మారినా, లోపల చేయించిన పని ఆయనదే. అయస్కాంతాల అమరికనూ, గుర్రాల కదలికనూ, చువ్వల వంపునూ ఆయన చివరివరకు సవరిస్తూనే ఉన్నాడు. తాను పూర్వం చేసిన గిటార్లే శ్రేష్ఠమని వాద్యకారులు వేలకు వేలు పోసి కొనుక్కుంటున్న రోజులలో, వాటిలోని లోపాలు వెదకి దిద్దడమే ఆయనకు నిత్యకృత్యం.

పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణికే దినాలలో కూడా ఆయన తన పనిబల్ల దగ్గరకు పోవడం మానలేదు. 1991 మార్చి 21వ తేదీన ఫుల్లర్టన్‌లో కన్నుమూశాడు. ఆ మరుసటి సంవత్సరం, గిటారు శ్రుతి చేయడం కూడ సరిగా రాని ఆ మనిషిని, రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో మహాసంగీతకారుల సరసన చేర్చారు.

ఆయన మార్గం చూసి, ఇంట్లోనే తమ మొదటి గిటారును తామే చేసుకొనేవారు నానాదేశాలలో ఉన్నారు. ప్రతివారి మొదటి గిటారులోనూ రూటర్ ఒకచోట జారుతుంది. మూస ఒకచోట కదులుతుంది. దండి గుంట వదులవుతుంది. గుంటలో చెక్క పేడు పెట్టి, జిగురు ఆరేదాకా ఆగి, మరల మూస అమర్చి తొలిచేటప్పుడు వారు చేసే పని కొత్తది కాదు. వారు చూసి నేర్చుకున్న గిటారు దండి వెనుకనే ఆ పని 1950 నుంచి చారగా కనబడుతూ ఉన్నది.